చప్పుడు ఎక్కణ్ణుంచి

"కార్లు చూడ్డం మగాళ్ళ పని. నువ్వు మధ్యలో దూరకు," అన్నారు మా ఆయన, సోఫాలో పడుకుని, కళ్ళు కూడా తెరవకుండా. అప్పుడు నేను ఎడం భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, కుడి చేత్తో ఆయన చొక్కా కాలర్ ఇస్త్రీ చేస్తూ, పద్నాలుగో కారు ఓనర్‌తో మాట్లాడుతున్నాను. "మా వారు కనుక్కోమన్నారండీ, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు?" అని. టైమింగ్ బెల్టు అనేది ఒకటుందని ఎవరైనా చెబితే మా వారు తన నడుం తడుముకుంటారు. అయినా ప్రతి ఫోన్‌లోనూ ఆయనే కనుక్కోమంటారు, ఆయనే రేటు తగ్గించమంటారు, ఆయనే ఆలోచించి చెబుతామంటారు. సోఫాలోంచి కదలకుండా మూడు వారాల్లో పద్నాలుగు మందితో మాట్లాడిన మనిషి ఈయనొక్కరే అయ్యుంటారు.

కారు ఎందుకంటే, మా ఆఫీసు ఊరి ఆ చివరకి మారింది. నేను వాషింగ్ మెషీన్ల కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఫోన్లెత్తుతాను. పదకొండేళ్ళ నుంచి అదే పని. కొత్త ఆఫీసుకి రెండు బస్సులు మారాలి. మొదటిది ఎప్పుడొస్తుందో తెలీదు, రెండోది వచ్చినా ఆగుతుందో లేదో తెలీదు. పోయిన నెలలో పదమూడు సార్లు లేటయ్యాను. మా సూపర్‌వైజర్ చాలా మర్యాదస్తుడు, "ఇంకో నెల చూస్తానండీ" అన్నాడు. ఇంట్లో చెబితే మా ఆయన "మానెయ్యొచ్చుగా, ఇంట్లో హాయిగా ఉండొచ్చు" అన్నారు. ఆ హాయి ఎలాంటిదో నాకు తెలుసు. ఉదయం ఐదింటికి లేచి దాన్ని సగం అనుభవించే ఆఫీసుకి వెళ్తాను, మిగతా సగం సాయంత్రం వచ్చి అనుభవిస్తాను. మానెయ్యనన్నాను. అలా అనడం మా ఇంట్లో పెద్ద విషయమే, ఒక పూటంతా గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. తర్వాత ఆయన తోటి ఉద్యోగి ఎవరో కారు కొన్నాడు. దాంతో మా ఆయనకి నా బస్సుల కష్టం ఒక్కసారిగా అర్థమైపోయింది.

కారుకి పెట్టే డబ్బు నేను దాచుకున్నది. ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు. నేనూ అనను. నడపడం కూడా నాకొచ్చు, పెళ్ళికి ముందు మా అక్క కారు రెండేళ్ళు నేనే తిప్పాను, లైసెన్స్ కూడా ఉంది. ఆ మాటా అనను. "నిన్ను నేను దింపుతాలే," అన్నారు మా ఆయన. ఆయన ఎనిమిదింటికి లేస్తారు. నా షిఫ్టు ఏడింటికి.

నా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. మనుషులు ఫోన్ చేసి "మెషీన్ చప్పుడు చేస్తోంది" అంటారు. ఎలాంటి చప్పుడండీ అని నేనడగాలి. గరగరా, టకటకా, కుయ్యిమనా, జిర్రుమనా? నీళ్ళు తోడేటప్పుడా, తిరిగేటప్పుడా? మీద చెయ్యి పెట్టి నొక్కితే ఆగిందా? సిగ్గుపడకుండా ఓసారి చేసి చూపించండి అంటే, పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా ఫోన్‌లో నాకు "గుర్ర్ ర్ర్" అని చేసి వినిపించారు. పదకొండేళ్ళు అది విని విని, చప్పుడు చెవిన పడగానే ఏది వదులైందో, ఏది అరిగిందో నాకు బొమ్మ కట్టినట్టు కనపడుతుంది. కానీ సగం మంది, నేను జబ్బు చెప్పగానే, "అది సరేనమ్మా, టెక్నికల్ తెలిసినవాళ్ళకివ్వు," అంటారు. అప్పుడు పక్క సీటాయనకి లైన్ కలుపుతాను. ఆయన పోయినేడాది చేరాడు. నేను చీటీ మీద "వెనక రేకు స్క్రూ వదులు" అని రాసిస్తే ఆయన గొంతు సవరించుకుని "మీ వెనక రేకు స్క్రూ వదులైందండీ" అంటాడు. "ఆ, అదీ!" అంటారు అవతల. ఆయనకి రెండు సార్లు మంచి ఉద్యోగి సర్టిఫికెట్ వచ్చింది. నేను చప్పట్లు కొట్టాను.

ఇదే పద్ధతి ఇంటికీ తెచ్చుకున్నాను. కారు చూడ్డానికి మేం నలుగురం వెళ్తాం. మా ఆయన ముందు నాలుగు టైర్లనీ ఒక్కో తన్ను తంతారు. ఎందుకని ఎవరూ అడగరు. అత్తయ్య వెనక సీట్లో కూర్చుని, కాస్త పైకి లేచి ధబ్బున మళ్ళీ కూర్చుని, "మెత్తగానే ఉందిరా," అంటుంది. మా మరిదిని ఇంట్లో ఇంజనీరు అంటాం, ఒకసారి ఫ్యాన్ బాగు చేశాడు కాబట్టి. ఆ ఫ్యాన్ ఇప్పటికీ గాలిని పైకి విసురుతుంది. ఆయన బానెట్ ఎత్తించి, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, కచేరీకి వచ్చినట్టు తల ఊపుతూ ఇంజన్ వింటాడు. నేను వెనకాల సంచి పట్టుకుని నిలబడతాను. ఏదైనా వినపడితే, కనపడితే, మా ఆయన పక్కకి జరిగి మెల్లగా, "ఏవండీ, ఇందాక మీరేదో అన్నారే, నీళ్ళలో మునిగిన బండిలా ఉందని?" అంటాను. ఆయన ఏమీ అని ఉండరు. ఒక్క క్షణం ఆగి, "నేను రాగానే కనిపెట్టాను. ఇది నీళ్ళలో మునిగిన బండి," అంటారు గట్టిగా. ఓనర్ తెల్లబోతాడు. ఇంజనీరు, "అన్నయ్య కన్ను పడితే ఇంకంతే వదినా," అంటాడు నాతో. నేను అవునంటాను.

అలా ఆరు బండ్లు చూశాం. అన్నీ డాక్టర్లు వాడినవేనట. ఈ ఊళ్ళో పాత కార్లన్నీ డాక్టర్లవే. మరి వాటికన్ని రోగాలు ఎలా వచ్చాయో తెలీదు.

ఏడోది ఒక నర్సమ్మగారిది. ఇళ్ళకి వెళ్ళి మంచాన పడ్డవాళ్ళని చూసే నర్సు, ఈ మధ్యే రిటైరయ్యారు. "నా కళ్ళు నా మాట వినడం మానేశాయి, అందుకే అమ్మేస్తున్నా," అన్నారు. రాగానే మాకు కుర్చీలు వేసి, ఎవరూ అడక్కుండానే బండి తప్పులు చెప్పడం మొదలుపెట్టారు. వెనక ఎడమ అద్దం పూర్తిగా దిగదు. ఏసీ అలుగుతుంది, పది నిమిషాలు బతిమాలితే గానీ చల్లబడదు. డ్రైవర్ సీటు పక్కన మందు ఒలికిన మరక, ఎంత తోమినా పోలేదు. మూడు వారాల్లో అమ్మేవాళ్ళ నోట తప్పు అనే మాట వినడం అదే మొదటిసారి, ఏం చెయ్యాలో తెలీక సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. ఒక నోటు పుస్తకం నా ఒళ్ళో పెట్టారు. మా ఆయనకి కాదు, నాకు. ఆయిల్ ఎప్పుడు మార్చారో, బ్రేకులు ఎప్పుడు వేయించారో, జ్వరం చార్టులాగా తారీఖులతో గళ్ళు గీసి రాసుకున్నారు. నాలుగు పేజీలు తిప్పేసరికి నాకు తెలిసిపోయింది. మాక్కావలసింది ఇదే. ఇంతకంటే మంచిది ఈ డబ్బుకి ఈ జన్మలో దొరకదు.

మా డబ్బుకి ఇది కూడా దొరకదు. ఆవిడ అడిగింది మా దగ్గరున్న దానికంటే బాగానే ఎక్కువ.

మా ఆయన టైర్లు తన్నారు. అత్తయ్య కూర్చుని లేచింది. "ఆడవాళ్ళు నడిపిన బండి కదా," అన్నాడు ఇంజనీరు, కళ్ళు మూసుకునే, "క్లచ్చు, గేర్లు అన్నీ నలిగిపోయి ఉంటాయి." నేను నవ్వాను. రేటు తగ్గడానికి పనికొస్తుందని నవ్వాను. నర్సమ్మగారు ఒకసారి నా వైపు చూశారు.

ఇంజన్ ఆన్ చేసి ఆవిడ ఎక్సలేటర్ తొక్కితే, కింద నుంచి జిర్రుమని సన్నటి చప్పుడు. "ఇది ఈ మధ్యే మొదలైంది. మా మెకానిక్ ఏం కాదమ్మా, తర్వాత చూద్దాం అన్నాడు," అన్నారు ఆవిడే. నేను విన్నాను. బండి నిలబడే ఉంది, గేరు వెయ్యలేదు. ఆవిడ క్లచ్ తొక్కినా చప్పుడు మారలేదు. వదిలినా మారలేదు. గేర్‌బాక్స్‌కి సంబంధం లేదు. సైలెన్సర్ గొట్టం మీద వేడి తగలకుండా ఒక పల్చటి రేకు ఉంటుంది, అది వదులైంది. రోజుకి పది మంది ఫోన్ చేసి నాకు వినిపించే చప్పుడే. ఆ మెకానిక్ నిజమే చెప్పాడు.

నేను మా ఆయన పక్కకి జరిగాను. నాలుగు రోజుల్లో సూపర్‌వైజర్ ఇచ్చిన నెల అయిపోతుంది. "ఏవండీ," అన్నాను, "ఇందాక మీరన్నారే, గేర్‌బాక్స్ పోయిందని?"

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! పదకొండేళ్ళుగా నిజాలు మోసుకెళ్ళడానికి వాడిన దారి కదా, అబద్ధం కూడా అందులోంచే సాఫీగా వెళ్ళిపోయింది.

"గేర్‌బాక్స్ పోయిందండీ మీ బండికి," అన్నారు మా ఆయన, ఊళ్ళో అందరికీ వినపడేలా. ఇంజనీరు కళ్ళు తెరిచి, "నేనదే అనబోతున్నా," అన్నాడు. నర్సమ్మగారు ఎక్సలేటర్ మీంచి కాలు తీశారు. ఆవిడ మొహం చూడకూడదనుకుని నోటు పుస్తకంలోకి చూశాను, అక్కడ ఆవిడ రాతే ఉంది. "నాకు నిజంగా తెలీదండీ, తెలిస్తే ముందే చెప్పేదాన్ని," అన్నారు ఆవిడ, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు. తర్వాత కిటికీలోంచి తల బయటికి పెట్టి నన్నడిగారు. "నువ్వు కూడా విన్నావా అమ్మా?"

"నాకేం తెలుస్తుందండీ," అన్నాను. "ఆయనకే తెలుసు."

ఇంత పెద్ద తప్పు చేసినప్పుడు మనిషికి చెమటలు పట్టాలి, గొంతు వణకాలి అంటారు. నాకేమీ కాలేదు. జీవితమంతా సాధన చేసిన మాట అది, వణుకు ఎక్కడ్నుంచి వస్తుంది? ఆవిడ రేటు తగ్గించారు. మేం అనుకున్న దానికంటే ఇంకా తగ్గించారు. ఆదివారం వచ్చి కాగితాలు రాసుకుంటామన్నాం.

తిరుగు బస్సులో మా ఆయన ఆ కథ మూడు సార్లు చెప్పారు. రెండోసారి చెప్పేసరికి క్లచ్ కూడా పోయింది. అత్తయ్య పక్క సీటావిడతో, "వాడు చిన్నప్పట్నుంచీ అంతే, చప్పుడు వింటే చాలు చెప్పేస్తాడు," అంటోంది. చిన్నప్పుడు ఈయన గడియారం అలారం మోగినా లేచేవాడు కాదని ఆవిడే నాకు వంద సార్లు చెప్పింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సిగ్గు అనేది మొహానికి కదా రావాలి, నాకు చెవుల్లో వచ్చింది. రెండు చెవులూ కాగిపోయాయి. వాటితోనే కదా బతుకుతున్నాను. నర్సమ్మగారు పుస్తకం నా ఒళ్ళో పెట్టినప్పుడు, ఆ ఒక్క నిమిషం, నన్ను తెలిసిన మనిషి అనుకున్నారు. నా జీవితంలో అలా అనుకున్న మొదటి మనిషిని, ఏమీ తెలీనిదానిలా నటించి ముంచాను.

గురువారం కాగితాల సంగతి అడగడానికి ఆఫీసు నుంచి నర్సమ్మగారికి ఫోన్ చేశాను. "అన్నీ సిద్ధంగా ఉన్నాయమ్మా," అన్నారు. గొంతు బొంగురుపోయి ఉంది. "మీరొచ్చి వెళ్ళాక మా మెకానిక్‌ని కడిగేశాను. పన్నెండేళ్ళు నమ్మాను వాడిని. గేర్‌బాక్స్ పోతే ఏం కాదంటాడా! బండి తీసుకురండి చూస్తానన్నాడు. ఇంకా నిన్ను నమ్మాలా, నువ్వు దొంగవి అన్నాను. ఫోన్ పెట్టేశాడు. నువ్వు మనసులో పెట్టుకోకు ఇవన్నీ. మీ ఆయన రావడం మంచిదైంది."

పక్క సీటాయన చెయ్యి చాపాడు, చీటీ కోసం. ఏదో కాల్ కలిపానట ఆయనకి. ఏం రాసిచ్చానో గుర్తులేదు.

ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ చెప్పేశాను. "ఏవండీ, అది గేర్‌బాక్స్ కాదు. రేకు. ఆవిడకి చెప్పేద్దాం." మా ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "రేకేంటి? గేర్‌బాక్సే. నేను నా చెవులతో విన్నాను." "మీరు వినలేదండీ, నేను చెప్పాను మీకు." "నువ్వు చెప్పావా?" అని నవ్వారు. కోపంతో కాదు, నిజంగానే, ముద్దుగా నవ్వారు, చిన్నపిల్ల చందమామని తనే తెచ్చానంటే నవ్వినట్టు. "అమ్మా, విన్నావా? గేర్‌బాక్స్ సంగతి ఈవిడ చెప్పిందట." అత్తయ్య కూడా నవ్వింది. ఇంజనీరు ఫోన్ చేస్తే ఆయనకీ చెప్పారు, ఆయనా నవ్వాడు. నేను కత్తిపీట మీద తరుగుతూనే ఉన్నాను. ఇన్నాళ్ళూ నా మంచి ముక్కలన్నీ ఆయన పట్టుకుపోయినా ఏమీ అనలేదు. ఇప్పుడు నా తప్పు కూడా పట్టుకుపోయారు. నాదంటూ ఒక్కటి, అదీ సిగ్గుపడాల్సింది, అది కూడా నా పేరు మీద లేకుండా పోయింది.

ఆదివారం పొద్దున్నే నలుగురం వెళ్ళాం. నర్సమ్మగారి వసారాలో బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. "ఇక్కడ సంతకం పెట్టండి," అని మా ఆయన వేలితో చూపించారు. కొనేవాళ్ళ పేరు దగ్గర ఆయన పేరు అప్పటికే రాసి ఉంది. నర్సమ్మగారు కలం పట్టుకుని ఆగిపోయారు. "ఎంతమంది ముసలివాళ్ళని దీన్లో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాను," అన్నారు. "దారిలో గేర్‌బాక్స్ విరిగి ఏమన్నా అయ్యుంటే? మీరు చెప్పినప్పట్నుంచీ ఒక్కొక్కరూ గుర్తొస్తున్నారు."

"సంతకం పెట్టకండి," అన్నాను.

అందరూ నా వైపు చూశారు. అత్తయ్య అయితే వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరో మాట్లాడారేమోనని.

"బండి స్టార్ట్ చెయ్యండి ఒకసారి. చల్లగానే ఉంది కదా, గొట్టం కాలదు." ఆవిడ ఎందుకని అడగలేదు, లేచి వెళ్ళి కూర్చున్నారు. గోడకి ఆనించి ఉన్న చీపురు తీసుకుని, ఆ బండి పక్కన నేల మీద వెల్లకిలా పడుకుని, కిందకి జరిగాను. "అయ్యో, అయ్యో, బట్టలు!" అంటోంది అత్తయ్య. "తొక్కండి," అన్నాను. జిర్రుమంది. చీపురు పిడితో రేకుని పైకి నొక్కాను. ఆగిపోయింది. వదిలాను. జిర్రుమంది. నొక్కాను. ఆగింది. నాలుగు సార్లు చేశాను. అక్కడ్నుంచి నాకు మా ఆయన చెప్పులు, ఇంజనీరు బూట్లు కనపడుతున్నాయి. అటూ ఇటూ కదులుతున్నాయి, ఎటు వెళ్ళాలో తెలీక.

బయటికొచ్చాను. "రేకు వదులైంది. ఒక స్క్రూ. మీ మెకానిక్ చెప్పింది నిజం."

"మరి గేర్‌బాక్స్?" అన్నారు ఆవిడ.

"అది వేరే చప్పుడండీ," అన్నారు మా ఆయన.

"గేర్‌బాక్స్‌కి ఏమీ కాలేదు," అన్నాను. "ఆ మాట ఈయన చెవిలో వేసింది నేను. పోలేదని తెలిసే వేశాను. రేటు తగ్గుతుందని."

నర్సమ్మగారు ఇంజన్ ఆపేశారు. "ఆ రోజు నిన్నడిగాను."

"అడిగారు."

"నీకేం తెలీదన్నావు."

"అన్నాను."

ఆవిడ తిడతారనుకున్నాను. దిగి వచ్చి, బల్ల మీద కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి సర్దారు. "ఈ బండి మీకివ్వను," అన్నారు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"చూశావా నీ నిర్వాకం," అన్నారు మా ఆయన. "ఇక బస్సుల్లోనే తిరుగు. లేకపోతే మానెయ్." తిరుగుతాను అనుకున్నాను. లేటైతే ఎందుకు లేటయిందో నేనే చెప్పుకుంటాను, ఎవరి నోటితోనూ కాకుండా. ఆ మాట పైకి అనేలోపే నర్సమ్మగారు ఫోన్ నొక్కి నా ముందు పెట్టారు.

"పన్నెండేళ్ళ మనిషిని దొంగ అన్నాను. నా మొహం చెల్లదు. నువ్వు చెప్పు."

ఫోన్ అవతల మోగుతోంది. "ఇటివ్వు, ఇటివ్వు," అన్నారు మా ఆయన మెల్లగా, చెయ్యి చాపి. "నువ్వు కంగారులో ఏదో వాగుతావు. మేం మేం మగాళ్ళం, రెండు ముక్కల్లో తేల్చేస్తాం." నేను ఫోన్ చెవికి పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డాను. వీపంతా మట్టి, జుట్టులో చీపురు పుల్లలు.

"ఇంకా ఏం మిగిలిందండీ తిట్టడానికి?" అన్నాడు మెకానిక్, ఎత్తుతూనే.

"నర్సమ్మగారు కాదండీ. బండి చూడ్డానికి వచ్చినవాళ్ళం. మీరు చెప్పిందే నిజం. అది రేకు చప్పుడే."

అవతల వెనకాల ఎక్కడో సుత్తి దెబ్బలు ఆగాయి. "ఓహో!" అన్నాడు. "అయితే గేర్‌బాక్స్ పోయిందని చెప్పిన ఆ మహానుభావుడు అక్కడే ఉన్నాడా? ఫోన్ ఆయనకివ్వమ్మా. ఆయనతో నాకు పనుంది."

"ఆయన కాదండీ," అన్నాను. "నేనే. తిట్టండి, వింటాను."